స్పానిషు బడిపిల్లవాని సంచి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాపురమున్న మన తెలుగు కుటుంబముల పిల్లలలో పెక్కురు బడిలో స్పానిషు భాష నేర్చుకొనుచున్నారు. ఆ దేశపు పాఠశాలలలో అన్యభాషలన్నిటికంటె ఎక్కువమంది చదువునది అదియే. కావున ఇచ్చట అరుగుమీద కూర్చున్న తాతగారికి ఒకనాడు టెలిఫోనులో, "తాతయ్యా, పెన్నును మా టీచరు ఒక మాటతో పిలుస్తుంది, నా పక్కన కూర్చునే పిల్ల ఇంకొక మాటతో పిలుస్తుంది. ఇద్దరూ స్పానిషే అంటారు. ఏది సరి?" అని మనుమరాలి ప్రశ్న వినవచ్చినచో ఆశ్చర్యపడ నక్కరలేదు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మొక మాటలో ముగియునది కాదు. నేటి ప్రసంగమున ఆ బడిపిల్లల సంచిని విప్పి, అందలి వస్తువుల నొక్కొక్కటిగా చేతికి తీసికొని, వాని పేర్లను విచారింతము.

మొదట ఆ భాష వ్యాప్తినిగూర్చి రెండు మాటలు. స్పానిషు పుట్టినిల్లు ఐరోపా ఖండపు నైరుతి మూలనున్న స్పెయిను దేశము. 1492వ సంవత్సరమున కొలంబసు పడమటి సముద్రము దాటిన పిమ్మట ఆ భాష కొత్త ఖండమునకు ఓడలెక్కి పోయినది. నేడు స్పెయినుతో కూడ ఇరువది స్వతంత్ర రాజ్యములకు అది అధికారభాష. మెక్సికో మొదలు అర్జెంటీనా, చిలీల దక్షిణాగ్రమువరకు వ్యాపించియున్నది. ఆఫ్రికాలో ఈక్వెటోరియల్ గినీ అను చిన్న దేశము కూడ ఈ లెక్కలోనిదే. ఇంత విశాలమైన నేలపై భాష ఒక్కటిగానే నిలిచినది. మెక్సికోలో అచ్చయిన పుస్తకమును అర్జెంటీనావాడు తడుముకొనకుండ చదువును. వ్యాకరణమున భేదములు స్వల్పము. అయినను బజారునకు పోయి బిడ్డకు బడిసామాను కొనవలసివచ్చినప్పుడు మాత్రము ఈ దేశపువానికి ఆ దేశపు అంగడిలో నోరు తడబడును.

ఈ తడబాటునకు ఒక క్రమము కలదు. పాతకాలపు వస్తువుల పేర్లు అన్ని దేశములలోను ఒక్కటే. పుస్తకము ఎచ్చటనైనను 'లీబ్రొ'యే. కాగితము 'పపేల్', సిరా 'తీంత', గీతలు గీయు బద్ద 'రేగ్ల'. ఇవి స్పెయినునుండి ఓడలలో వచ్చినప్పుడే పేరుతో వచ్చినవి. 1810వ సంవత్సరము మొదలుకొని సుమారు పదునైదేండ్లలో ఆ ఖండపు రాజ్యములలో పెక్కు స్పెయినునుండి విడివడి స్వతంత్రములైనవి. ఆ తరువాత పుట్టిన వస్తువులకు అందరికి కలిపి పేరుపెట్టు పెద్ద లేకపోయెను. ఏ దేశమువారు ఆ దేశమున తమకు తోచిన పేరు పెట్టుకొనిరి. కావుననే కాగితములకు తీగ ముక్కను గ్రుచ్చి బిగించు స్టేప్లరువంటి వస్తువునకు ఆరేడు పేర్లు పుట్టినవి. స్పెయినువారు దానిని 'గ్రపదోర' అందురు. అర్జెంటీనావారికది 'అబ్రొచదోర', అనగా బొత్తాములు పెట్టునది. చిలీవారికి 'కొర్చెతేర', అనగా రవికెకు పెట్టు కొక్కెమువంటిదానిని వేయునది. కొలంబియావారు 'కొసెదోర' అందురు. కుట్టునది అని దాని అర్థము. క్యూబాలో 'ప్రెసియదోర'. చూచితిరా, పేరుపెట్టినవారిలో పెక్కురు దర్జీ దుకాణమువైపే చూచిరి! కాగితమును కాగితముతో కలుపుట వారి కంటికి గుడ్డను గుడ్డతో కలుపుటవలె కనబడినది కాబోలు.

ఇక సుద్దముక్క సంగతి. ఈ సంచిలో నాకు మిక్కిలి ప్రియమైన కథ ఇదియే.

స్పెయిను దేశమున పంతులు నల్లబల్లపై వ్రాయు సుద్దను 'తీస' అందురు. (స్పెయినువారి నోట ఆ సకారము 'థ'కు దగ్గరగా పలుకును, అమెరికావారు శుద్ధమైన సకారమే పలుకుదురు.) ఈ తీస అను మాట స్పెయినుది కాదు. మెక్సికోలో నహువాత్ల్ అను భాష యున్నది. స్పానిషువారు 1519లో దండెత్తి 1521లో లోబరచుకొన్న ఆజ్టెకు రాజ్యమువారి భాష అది. ఆ భాషలో తెల్లని సుద్దమట్టిని 'తిసత్ల్' అందురు. జయించినవారు ఓడిపోయినవారి మాటను నోట పెట్టుకొని సముద్రము దాటించి తమ బడులలో ప్రతిష్ఠించుకొనిరి. నేడు మాడ్రిడు నగరములోని పిల్లవాడు, అర్జెంటీనా పిల్లవాడు, పెరూ పిల్లవాడు అందరును ఆ ఆజ్టెకుల మాటనే పలుకుచున్నారు. మరి ఆ మాట పుట్టిన మెక్సికోలో నేమందురు? అచ్చట సుద్దముక్కను 'హీస్' అందురు. అది 'జిప్సుమ్' అను లాటిను శబ్దమునుండి వచ్చినది; లాటిను స్పానిషునకు తల్లిభాష. అనగా ఐరోపాయందు అమెరికా మాటయు, అమెరికాయందు ఐరోపా మాటయు స్థిరపడినవన్నమాట. ఇది ఎవరును ఆలోచించి చేసిన మార్పిడి కాదు. మాటల ప్రయాణములు ఇట్లే యుండును. నహువాత్ల్ భాష చచ్చిపోయినదని తలపవలదు. మెక్సికోలో నేటికిని 15 లక్షలకు మించిన జనము దానిని మాటాడుచున్నారు. మన పెరటిలోని టమాటా పేరు కూడ ఆ భాషలోని 'తొమత్ల్' అను మాటయే స్పానిషుమీదుగా ఇంగ్లీషునకు, ఇంగ్లీషుమీదుగా మనకు వచ్చినది.

సుద్దముక్క వ్రాయు నల్లబల్లకు స్పెయినులో 'పిసర్ర' అని పేరు. పిసర్ర అనగా పలకరాయి. మెక్సికో, అర్జెంటీనా, చిలీ దేశములవారు దానినే పెద్దది చేసి 'పిసర్రోన్' అందురు. పెద్ద పలక అని భావము. కొలంబియా, పనామాలలో 'తబ్లేరొ' అందురు. అది 'తబ్ల', అనగా చెక్కబద్ద అను మాటనుండి పుట్టినది. మన పలక సంగతియు ఇట్టిదే కదా. ఫలకమనగా మొదట చెక్కబల్లయే. రాతిపలక వచ్చిన తరువాత కూడ చెక్కనాటి పేరే దానికి నిలిచినది.

పెన్సిలును ఆ భాషలో 'లాపిస్' అందురు. లాటినులో ఆ శబ్దమునకు రాయి అని అర్థము. రాతిముక్కతో వ్రాయుట మనవారికి తెలియనిది కాదు. మీలో ఎందరో బలపముతోనే ఓనమాలు దిద్దియుందురు. ఆ బలపము మెత్తని రాయియే. పెన్సిలునకు చాలవరకు అన్ని దేశములవారును ఈ మాటనే వాడుదురు. చిక్కు వచ్చునది పెన్నుదగ్గర.

పూర్వము పక్షియీకతో వ్రాసెడివారు. ఈకను స్పానిషులో 'ప్లూమ' అందురు. ఈక పోయి ఇనుపపాళీ వచ్చినను, పాళీ పోయి సిరాపెన్ను వచ్చినను పేరు ప్లూమగానే యుండెను. తరువాత బాలు పెన్ను వచ్చినది. దానిని వాడుకలోనికి తెచ్చినవాడు లాస్లో బీరో అను హంగేరీ దేశపు పత్రికారచయిత. వార్తాపత్రికల అచ్చుసిరా త్వరగా ఆరిపోవుట చూచి, అట్టి సిరాతో వ్రాయు పెన్ను ఉండిన బాగుండునని అతనికి తోచినదట. ఆ సిరా చిక్కనిది, మామూలు పాళీలో పారదు. అందుచేత మొనలో చిన్న లోహపు గుండు నమర్చి, అది దొర్లుచు సిరాను కాగితమున కంటించునట్లు చేసెను. రసాయనశాస్త్రము తెలిసిన అతని సోదరుడు సిరాపని చూచుకొనెను. ఐరోపాలో యుద్ధము ముంచుకొనివచ్చినందున బీరో అర్జెంటీనా చేరి, 1943వ సంవత్సరమున అచ్చట పేటెంటు పొందెను. అతని భాగస్వామి పేరు మెయినె. ఇరువురి పేర్ల మొదళ్లు కలిపి ఆ పెన్నుకు 'బిరోమె' అని పేరుపెట్టిరి. నేటికిని అర్జెంటీనా, ఉరుగ్వే దేశములలో బాలు పెన్ను ఏ కంపెనీ చేసినదైనను బిరోమెయే. బీరో పుట్టినదినమైన సెప్టెంబరు 29వ తేదిని అర్జెంటీనావారు నూతన కల్పనలు చేయువారి పండుగదినముగా జరుపుకొనుచున్నారు.

ఇతర దేశములలో పెక్కింటివారికి బీరోతో చుట్టరికము లేదు. స్పెయినువారు గుండు అను అర్థముగల 'బోల' శబ్దముతో 'బొలీగ్రఫొ' అను మాటను కూర్చిరి, గుండుతో వ్రాయునది. కొలంబియా, ఈక్వడోరు దేశములవారు గోళము అను శబ్దమును పట్టుకొని 'ఎస్ఫేరొ' అనిరి. మెక్సికోవారు ఈకనాటి ప్లూమను విడువలేదు. చిలీవారు అన్నిటికంటె పొదుపరులు. వారికి పెన్సిలును లాపిసే, పెన్నును లాపిసే. వేరుచేసి చెప్పవలసినప్పుడు బాలు పెన్నును 'లాపిస్ పాస్త', అనగా ముద్దసిరా లాపిసు అందురు. పెరూలోను, మధ్య అమెరికా దేశములలో కొన్నిట 'లపిసేరొ' అందురు.

ఈ లపిసేరొ అనునది మహా మాయలమారి మాట. పెరూలో దానికి బాలు పెన్ను అని అర్థము. మెక్సికోలో అదే మాటకు మీట నొక్కగా సన్నని ములుకు వెలువడు పెన్సిలు అని అర్థము. స్పెయినులో కొన్ని ప్రాంతములవారు మామూలు చెక్కపెన్సిలునే లపిసేరొ అందురు. ఇక పరీక్షనాడు ఉపాధ్యాయుడు "లపిసేరొతో వ్రాయుడు" అని యాజ్ఞాపించినచో, మెక్సికోనుండి వచ్చి పెరూ బడిలో చేరిన పిల్లవాడు పెన్సిలుతో వ్రాసి కూర్చుండును. పేరు తెలియని వస్తువైనచో పిల్లవాడు అడిగి తెలిసికొనును. తెలిసిన మాటయే మరియొక అర్థముతో ఎదురుపడినప్పుడు అడుగవలెనని కూడ తోచదు. ఒకే భాషలోని భేదములయందు అసలు కష్టము ఇదియే.

'గోమ' అను మాటను చూడుడు. స్పెయిను, అర్జెంటీనా, చిలీ దేశములలో గోమ అనగా పెన్సిలువ్రాత చెరుపు రబ్బరు. పెరూలోను, కోస్టారికాలోను గోమ అనగా కాగితములు అంటించు జిగురు. ఆ రెండు దేశములలోను చెరుపు రబ్బరును 'బొర్రదోర్' అందురు. చెరుపునది అని అర్థము. ఆ బొర్రదోర్ స్పెయినుకు పోయినచో నల్లబల్ల తుడుచు గుడ్డదిమ్మెగా మారిపోవును. వ్రాసి దిద్దుకొను చిత్తుప్రతికి కూడ అచ్చట అదే పేరు. ప్యూర్టోరికోలో గోమ అనగా మోటారుబండి టైరు. మధ్య అమెరికాలో గోమ అనగా ముందునాటి రాత్రి కల్లు ఎక్కువైనవానికి మరునాటి ఉదయమున పట్టు తలనొప్పి. బిడ్డ పంతులుగారిచ్చిన జాబితాలో గోమ అని తెచ్చినచో తండ్రి ఏది కొనవలెను? మూలమున ఇదంతయు చెట్టుబంకయే. గ్రీకులు, లాటినువారు బంకకు వాడిన మాటనుండి స్పానిషు గోమయు, ఇంగ్లీషుమీదుగా మన కచ్చేరీలకు వచ్చిన గమ్మును పుట్టినవి. రబ్బరు కూడ చెట్టుపాలే కాబట్టి చెరుపు రబ్బరునకును, టైరునకును ఆ పేరు చెల్లినది. తలనొప్పికి ఎట్లు చెల్లినదో ఆ తాగినవారినే యడుగవలెను.

పెన్సిలు చెక్కు మరకు స్పెయిను, మెక్సికో, అర్జెంటీనాలలో 'సకపుంతస్', అనగా మొన తీయునది. పెరూ, బొలీవియాలలో 'తహదోర్', కోయునది. కొలంబియాలో 'తహలాపిస్'. ఇందులో పెద్ద చిక్కులేదు, మాట వినగానే పని తెలియును. గోడకు కాగితము గ్రుచ్చు వెడల్పు తలగల మేకును అర్జెంటీనా, చిలీ, కొలంబియాలలో 'చించె' అందురు. అసలు చించె అనగా నల్లి! చప్పిడిగా గోడకంటి యుండుటచేత ఆ పేరు పెట్టియుందురు. స్పెయినువారు దానినే కొంచెము మర్యాదచేసి 'చించేత' అని ముద్దుపేరు చేసిరి.

ఇదంతయు వినోదముగా కనిపించవచ్చును. కాని ఇందులో పిల్లల కష్టము కూడ కలదు. 2015వ సంవత్సరము తరువాత వెనిజువేలా దేశము ఆర్థికముగా కూలిపోగా 70 లక్షలకు మించిన ప్రజలు ఇల్లు విడిచి ఇతర దేశములకు వలసపోయిరి. వారిలో పది లక్షలకు మించి పెరూ చేరిరి. ఆ కుటుంబముల పిల్లలు లీమా నగరపు బడులలో కూర్చున్నారు. భాష ఒక్కటే కావున వారికి ప్రత్యేకముగా భాష నేర్పవలెనని ఎవరికి తోచును? కాని అట్టి పిల్లవాని నొకనిని ఊహింపుడు. పంతులమ్మ "పుస్తకము కర్పేతమీద పెట్టుము" అన్నది. వెనిజువేలాలో కర్పేత అనగా కాగితములు దాచు అట్ట, స్పెయినులోను అంతే. కాని పెరూలో కర్పేత అనగా పిల్లవాడు కూర్చుండి వ్రాసికొను బల్ల. వాడు సంచిలో అట్టకొరకు వెదకుచుండగా తరగతి అంతయు నవ్వును. వాని యింట బల్లకు 'పుపీత్రె' అని పేరు; జిగురునకు 'పేగ', చెరుపు రబ్బరునకు 'బొర్ర'. తెలివిలేక కాదు, చదువులేక కాదు, మాట తన ఊరిది కాకపోవుటచేత వాడు మందబుద్ధివలె కనబడును. పరభాష మాటాడు పిల్లవానిని చూచి పంతులమ్మ జాలిపడును. సొంతభాష మాటాడి తప్పిన వానిని చూచి విసుగుకొనును. ఈ రెండవవాని స్థితియే కష్టతరమని నా తలంపు.

సంయుక్త రాష్ట్రముల బడులలో కూడ ఇట్టిదే జరుగుట కవకాశమున్నది. ఇంట స్పానిషు మాటాడు మెక్సికో పిల్ల సుద్దముక్కను హీస్ అని వ్రాసినచో, స్పెయినులో అచ్చయిన పాఠ్యపుస్తకమును ముందుంచుకొన్న ఉపాధ్యాయుడు అది తప్పని ఎఱ్ఱగీత గీయవచ్చును. తల్లి నేర్పిన మాటమీద గీసిన గీతను పిల్ల ఇంటికి తీసికొనిపోవును.

ఈ విషయమున పెద్దలేమని నిర్ణయించిరి? స్పానిషు భాషకు 1713లో మాడ్రిడులో స్థాపింపబడిన రాజకీయ విద్వత్పరిషత్తు ఒకటి కలదు. చాలకాలము స్పెయినువారి వాడుకయే ప్రమాణమని ఆ పరిషత్తు తలంచెను. 1951లో మెక్సికోలో పెక్కు స్పానిషు దేశముల పరిషత్తులవారు సమావేశమైరి. అప్పటినుండి వారందరికి ఒక సంఘమేర్పడెను. 2010లో ఆ సంఘమువారు అమెరికా ఖండపు స్పానిషు మాటలకు ప్రత్యేకముగా ఒక పెద్ద నిఘంటువు ప్రకటించిరి. నేటి నిఘంటువులలో హీస్ అను మాటకు ఎదుట తప్పు అని యుండదు. మెక్సికో అని దేశము పేరు మాత్రముండును. కర్పేతకు పెరూ అర్థము కూడ చేర్చబడియున్నది. ఈ పద్ధతి న్యాయమైనదని నా అభిప్రాయము. మాట ఎచ్చటిదో చెప్పుట నిఘంటువు పని. ఆ మాటలో ఏది ఎక్కువ ఏది తక్కువ అని తీర్పుచెప్పుట దాని పని కాదు.

సంచిలోని వస్తువులన్నియు చెప్పి సంచినే మరచితిని. పుస్తకాల సంచికి స్పెయిను, మెక్సికో, అర్జెంటీనా మొదలగు దేశములలో 'మొచీల' అని పేరు. కొలంబియాలో బడిపిల్లలు 'మలేత' అందురు. మలేత అనగా స్పెయినులో ప్రయాణపు పెట్టె. అచ్చటివాడు వినిన బిడ్డ ఊరికి పోవుచున్నాడేమో యనుకొనును. అదే కొలంబియాలో మొచీల అనగా ముఖ్యముగా భుజమునకు వ్రేలాడు నేతసంచి. సియెర్రా నెవాడా కొండలలో నివసించు అర్హువాకో అను జాతి స్త్రీలు గొఱ్ఱెబొచ్చుతో అల్లునట్టిది. వెనిజువేలాలో 'మొర్రాల్'. ప్యూర్టోరికో, కోస్టారికాలలో 'బుల్తొ', అనగా మూట. గ్వాటెమాలాలో 'బొల్సోన్', పెద్ద సంచి.

ఇక ఆ సంచి మోసికొనిపోయిన పిల్లవానికి పాఠము చెప్పువాడు స్పానిషులో 'మయేస్త్రొ'. ఇది మనకు చుట్టమే. దీనికి తోబుట్టువైన పోర్చుగీసు మాట 'మెస్త్రె' పడమటి తీరమున ఓడ దిగి మన దేశమున మేస్త్రి అయినది. వారికి అక్షరములు దిద్దించువాడు, మనకు గోడ కట్టించువాడు. బడిలో పుస్తకములు సర్దు అలమారు కూడ ఆ పోర్చుగీసువారిదే. స్పానిషులో దానిని 'అర్మారియొ' అందురు.

కావున ఈసారి టెలిఫోనులో మనుమరాలు పెన్నుకు ఏ మాట సరియని యడిగినచో, "మీ పంతులమ్మది ఏ దేశమే? నీ పక్కనున్న పిల్లది ఏ దేశము?" అని తాతగారు ఎదురు ప్రశ్న వేయవచ్చును. ఒకటి బిరోమెయై, రెండవది లపిసేరొయై యుండిన, ఆ బడిలో ఒక అర్జెంటీనా యిల్లును, ఒక పెరూ యిల్లును ఉండవచ్చునని ఇచ్చట అరుగుమీదనుండియే చెప్పగలరు.